ఆరో షరతు

కలకత్తా నగరాన్ని పొగిడినవాళ్ళందరూ దాన్ని పైనుంచి చూసినవాళ్ళే. బంగారయ్య ముప్ఫై నాలుగేళ్ళపాటు కిందనుంచి చూశాడు కనుక పొగడ్త విషయంలో కొంచెం పొదుపు పాటించేవాడు. మ్యాన్‌హోళ్ళలోకి దిగి పూడిక తియ్యడం అతని ఉద్యోగం. నడుముకు తాడు, చేతిలో బకెట్టు, మొలకు గోచీ, కడుపులో పావుసీసా బంగ్లా. ఆ ఊళ్ళో నాటుసారాకి అదే పేరు. తాడూ బకెట్టూ పై అధికారులు ఇచ్చేవారు. తక్కిన రెండూ ఉద్యోగి స్వయంగా సమకూర్చుకోవాలి.

ఇందులో తాగుబోతుతనం ఎంతమాత్రం లేదనీ, ఇది కేవలం ఆత్మరక్షణ ఏర్పాటనీ బంగారయ్య వాదన. ఒళ్ళు తెలిసి ఆ కంతలోకి దిగినవాడు రెండోసారి దిగడు. దిగకపోతే ఉత్తర కలకత్తాలో ఏ జడ్జీగారి స్నానాలగదిలోనో నీళ్ళు వెనక్కి తంతాయి. కాబట్టి న్యాయవ్యవస్థ సజావుగా నడవాలంటే బంగారయ్య తాగక తప్పేది కాదు.

భార్య అప్పాయమ్మది మరో రక్షణ వ్యవస్థ. ఆమె రోడ్లు ఊడ్చేది. మగవాళ్ళు కిందనుంచి తోడి పోసిన పూడికని తట్టలకెత్తేది. ఆ వాసనకు విరుగుడు చుట్ట. చుట్ట కాల్చడంలో వింతేమీ లేదు గాని, శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళు చాలామంది కాల్చినట్టే ఆమె అడ్డపొగ కాల్చేది. అంటే నిప్పున్న కొన నోటి లోపల ఉంటుంది. పెదాలు మూసుకుంటాయి. బయటికి కనబడేది నిప్పులేని కొన ఒక్కటే. అది చూసిన బెంగాలీ బాబులు ఎక్కవలసిన బస్సు ఎక్కడం మరిచి నిలబడిపోయేవారు.

"కాలదేటి?" అని పెళ్ళయిన కొత్తలో బంగారయ్య కూడా అడిగాడు.

"నిప్పు బయటుంటే గాలికెగుర్తాది, సంకనున్న పిల్ల మీద రాల్తాది, పక్కోడి పంచెకి అంటుకుంతాది. నోట్లో ఉంటే ఎవుడికేటి? నా నిప్పు నా కాడే ఉంతాది" అంది అప్పాయమ్మ.

తర్వాతి కాలంలో పెద్దపెద్ద దేశాల మంత్రులు కోట్లు తొడుక్కుని ఇదే వాదన చెయ్యగా విన్నప్పుడల్లా, ఈ మాట తమ ఇంటి పొయ్యి దగ్గర ఎప్పుడో విన్నట్టు బంగారయ్యకు తోచేది.

వాళ్ళుండేది మెటియాబ్రుజ్ దగ్గర, పారిశుధ్య పనివాళ్ళ క్వార్టర్లలో. ఏటా ఆగస్టు ఆరున హిరోషిమా దినమని యూనియన్ వారు ఊరేగింపు తీసేవారు. బంగారయ్య పొడగరి కనుక పెద్ద బ్యానరుకు ఎడమ కర్ర అతనికి శాశ్వతంగా కేటాయించబడింది. దానిమీద ఏం రాసి ఉందో పన్నెండేళ్ళపాటు అతనికి తెలియదు. మొదటి కారణం అతనికి చదువు రాదు. రెండోది, బ్యానరు మోసేవాడికి దాని వీపే కనబడుతుంది.

అణుబాంబులు వద్దని రాసి ఉందని తెలియజెప్పినవాడు భానుమూర్తి. కృష్ణా జిల్లా మనిషి, బ్యాంకులో ఆఫీసరు, వామపక్ష అభిమాని. ఆదివారాలు క్వార్టర్లకు వచ్చి తెలుగువాళ్ళకు పత్రిక చదివి వినిపించేవాడు. సిద్ధాంతరీత్యా బంగారయ్యను కూడా 'మీరు' అనేవాడు. అది బంగారయ్యకు చెప్పులో రాయిలా ఉండేది గాని, మంచి మనిషి కదా అని ఓర్చుకునేవాడు.

1991 ఆగస్టు మొదటివారంలో క్వార్టర్లలో వైద్య శిబిరం పెట్టారు. ఒక కుర్ర బెంగాలీ డాక్టరు అప్పాయమ్మ నోట్లోకి టార్చిలైటు వేసి చాలాసేపు చూశాడు. అంగిట్లో తెల్లటి మచ్చ. ఇది ఇప్పటికి పుండు కాదు దీదీ, కాల్చడం మానేస్తే మచ్చగానే ఉండిపోవచ్చు అన్నాడు. మానకపోతే ఏమవుతుందో చెప్పలేదు. టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. బంగారయ్యకు ఆ ఆర్పడం నచ్చలేదు.

ఆ రాత్రి ఇంట్లో చర్చలు మొదలయ్యాయి.

"చుట్ట మానీ" అన్నాడు బంగారయ్య.

"నువ్వు సారా మానీ. నానూ మానుతాను."

"మచ్చ నీ నోట్లో ఉన్నాదా, నా నోట్లో ఉన్నాదా? ముందు నువ్వు మాను."

"నీ కడుపులో ఏటున్నాదో ఏ డాకటేరు టార్చీ ఏసి సూసినాడు? ముందు నువ్వే."

రెండు రోజులపాటు ఇరుపక్షాలూ తమ తమ వైఖరికి కట్టుబడి ఉన్నాయి. మూడోరోజు ఆగస్టు ఆరు. ఊరేగింపు అయ్యాక క్వార్టర్ల వాకిట్లో భానుమూర్తి ఉపన్యాసం. ప్రపంచంలో రెండు పెద్ద దేశాలున్నాయనీ, ఒక్కొక్కరి దగ్గర భూమిని పదిసార్లు తగలబెట్టడానికి చాలినన్ని అణుబాంబులున్నాయనీ, ముందు నువ్వు తగ్గించు అంటే ముందు నువ్వు తగ్గించు అని నలభై ఏళ్ళు పోట్లాడుకున్నారనీ చెప్పాడు. ఇప్పుడు, కిందటి బుధవారంనాడు, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని సంతకాలు చేశారట. ఇద్దరూ కలిసే తగ్గిస్తారు. ఒకరింటికొకరు మనుషుల్ని పంపి లెక్క చూసుకుంటారు. అమలు మొదలైన నాటినుంచి పదిహేనేళ్ళు గడువు.

బంగారయ్య లేచి నిలబడ్డాడు. సభలో అతను లేవడం అదే మొదలు.

"బాబూ, ఆల్లకి ఆ కాయితం ఎవరు రాసినారు?"

"పెద్ద పెద్ద లాయర్లు రాసి ఉంటారండీ."

"మాకు తవరు రాసీగలరా?"

ఒప్పందం ఆ సాయంత్రమే తయారైంది. ఇద్దరి ఉద్యోగాలు చూస్తే చరిత్రలో ఇంతకంటే అశుభ్రమైన చేతులతో జరిగిన ఒప్పందం లేదనిపిస్తుంది గాని, చరిత్ర చదివినవాళ్ళు ఈ మాట ఒప్పుకోరు. బంగారయ్య మ్యాన్‌హోలులో దిగినా దిగకపోయినా సారా ముట్టకూడదు. అప్పాయమ్మ నిప్పు లోపలయినా బయటయినా చుట్ట ముట్టించకూడదు. ఇద్దరూ తెల్లవారి నుంచే మొదలెట్టాలి, ఎవరూ ఎవరికోసమూ ఆగకూడదు. ప్రతి ఆదివారం పక్కింటి గురవమ్మ ఇద్దరి నోళ్ళూ వాసన చూడాలి. గడువు పదిహేనేళ్ళు. అప్పటికి బంగారయ్య రిటైరవుతాడు, ఇక వాసనల బెడదే ఉండదు. ఇవి అయిదు షరతులు. భానుమూర్తి చెబుతూ రాస్తుంటే బంగారయ్య వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టాడు.

ఇంతలో కరెంటు పోయింది. ఆ కాలంలో అది రోజూ పోయేది. భానుమూర్తి కిటికీ దగ్గరికి వెళ్ళి, మసక వెలుతురులో ఇంకో రెండు పంక్తులు గీశాడు.

"ఇదొకటి నేనే చేర్చాను. ఇలాంటి కాగితాల్లో ఉండవలసిందే లెండి" అంటూ బస్సుకు వేళయిందని లేచాడు.

బంగారయ్య ఆరో వేలు ముడిచాడు. అందులో ఏముందో అడగలేదు. దేవుడి పేరు కాబోలనుకున్నాడు. భానుమూర్తి దేవుణ్ణి నమ్మడని గుర్తొచ్చి, దేవుడి స్థానంలో ఆయన పెట్టుకున్న గడ్డపాయన పేరు అయి ఉంటుందని సర్దుకున్నాడు. ఇద్దరూ వేలిముద్రలు వేశారు. కాగితం రేకుపెట్టెలో అడుక్కి చేరింది. కూతురు సింహాచలమ్మ అయిదో తరగతి చదువుతోంది గాని అది బెంగాలీ బడి. ఇంట్లో తెలుగు మాట్లాడడమే తప్ప చదివే నాథుడు లేడు.

మర్నాడు బంగారయ్య పందొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి కలకత్తా వాసన చూశాడు. రెండు మెట్లు దిగి పైకొచ్చి వాంతి చేసుకున్నాడు. పైన తాడు పట్టుకునే మృత్యుంజయ, "ఒక్క గుక్కేసుకో దాదా, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. బంగారయ్య మూతి తుడుచుకుని మళ్ళీ దిగాడు. సాయంత్రం ఇంటికొస్తే అప్పాయమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది.

"నాలిక నిప్పు కోసం నోరంతా ఎతుక్కొస్తన్నాది మావా" అంది.

"నా ముక్కు బయటికి పారిపోతానంతన్నాది" అన్నాడు బంగారయ్య.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత ఏడాదిపాటు నవ్వవలసిన విషయం మళ్ళీ రాలేదు.

గురవమ్మ ముక్కు గురించి చెప్పాలి. ఏ ఇంట్లో ఎండుచేపలు వండుతున్నారో, అవి ఏ రేవువో కూడా తన వాకిట్లోంచే చెప్పగల ఘనురాలు. ఆదివారం ఉదయం మొగుడూ పెళ్ళాం మంచం మీద పక్కపక్కన కూర్చుని నోళ్ళు తెరిచేవారు. గురవమ్మ మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, హైకోర్టు జడ్జీలా వచ్చి వంగి వాసన చూసేది. శుభ్రంగా ఉంటే ద్వారబంధం మీద సున్నపు చుక్క పెట్టేది, ఎడమ పక్క అతనిది, కుడి పక్క ఆమెది. తేడా వస్తే బొగ్గు చుక్క.

"తమ్ముడూ, ఉల్లిపాయ తిన్నావు. అది కాయితంలో లేదు గాని మానీ, నాను సచ్చిపోతన్నాను" అనేది.

ఎడమ పక్క ఒక్క బొగ్గు చుక్క ఉండేది. మృత్యుంజయ జ్వరంతో పోయిన రోజుది. పన్నెండేళ్ళు తన తాడు పట్టుకున్నవాణ్ణి కాల్చి వచ్చి బంగారయ్య తాగాడు. ఆదివారం గురవమ్మ ఏమీ అనకుండా నల్ల చుక్క పెట్టింది. అప్పాయమ్మ దాన్ని చాలాసేపు చూసింది. ఇక తనూ ముట్టిస్తుందని బంగారయ్య తల వంచుకు కూర్చున్నాడు.

"ఒక సుక్క నల్లదైతే గుమ్మం అంతా నల్లదవదులే మావా" అని ఆమె బియ్యం ఏరుకోడానికి వెళ్ళింది.

1996లో భానుమూర్తిని బ్యాంకు వారు వేరే రాష్ట్రానికి బదిలీ చేశారు. తర్వాత రెండేళ్ళకు, మే నెల ఎండలో, ఆటో నడిపే నరసింహం మిఠాయి కుండ పట్టుకుని వచ్చాడు.

"దాదా, మిష్టి తీసుకో. మన బాంబు పేలినాది!"

"ఎవుడికి తగిలినాదిరా?"

"ఎవుడికీ తగల్లేదు. ఎడార్లో, బూమి కిందన."

భూమి కింద అనేసరికి బంగారయ్యకు వృత్తిపరమైన ఆసక్తి కలిగింది.

"బూమి కింద పెట్టింది ఏదైనా ఎప్పుడికైనా పైకి రాకుండా ఉంతాదేట్రా? ఆల్లనీ ఈల్లనీ ఎందుకు, నన్నడుగు. పాతికేళ్ళై తీస్తన్నాను."

"ఓలబ్బో, అది వాడ్డానికి కాదు దాదా. దాసుకోడానికి. మన కాడున్నాదని తెలిస్తే ఎవుడూ మన జోలికి రాడు. ఊరికే ఉంతాది."

"మీ వదినా అదే అన్నాది. నా నిప్పు నా నోట్లో ఊరికే ఉంతాదన్నాది. ఓలె అప్పాయీ, ఈడికోసారి సూపించు."

అప్పాయమ్మ నోరు తెరిచి అంగిట్లో మచ్చ చూపించింది. ఏడేళ్ళుగా అది పెరగలేదు. తరగనూ లేదు. తెల్లగా, పడుకున్న పిల్లిలా ఉంది. నరసింహం చేతిలో రసగుల్లా మళ్ళీ కుండలో పడింది.

"ఎదటోడు కాలినా కాలకపోయినా, దాసుకున్నోడి ఇల్లు ముందర కాల్తాది నాయనా" అంది అప్పాయమ్మ. "నిప్పు ఊరికే ఉండడం నానెప్పుడూ సూడలేదు."

బంగారయ్య మిఠాయి మాత్రం తిన్నాడు. సిద్ధాంతం సిద్ధాంతమే, రసగుల్లా రసగుల్లాయే.

2004 వానల్లో గురవమ్మ పోయింది. ద్వారబంధం మీద చుక్కలు ఆగిపోయాయి. ఇంకొకరిని పెట్టుకోవచ్చు గాని అంత ముక్కున్నవాళ్ళు ఎవరున్నారు? పైగా పదమూడేళ్ళయింది, ఇంకా ఒకరి నోరు ఒకరికి చూపించుకోవాలా అని ఇద్దరికీ సిగ్గేసింది. నమ్మకం మీద రెండేళ్ళు గడిపారు. నిజానికి ఆ రెండేళ్ళూ కూడా ఇద్దరూ మాట తప్పలేదు. కాని తప్పలేదని సాక్ష్యం చెప్పే చుక్క గుమ్మం మీద లేదు.

2006 ఆగస్టు ఆరు ఆదివారం పడింది. గడువు తీరే రోజు. బంగారయ్య తెల్లారే లేచి గెడ్డం గీసుకున్నాడు. అప్పాయమ్మ ఉతికిన చీర కట్టుకుంది. ఇద్దరూ మంచం మీద అలవాటు ప్రకారం పక్కపక్కన కూర్చుని టీ తాగారు.

మరో పదిహేనేళ్ళు రాయించుకుందామా అన్న మాట బంగారయ్య నాలిక చివరిదాకా వచ్చింది. కాని ముందు తనే అడిగితే, కాగితం లేకపోతే వీడు నిలబడలేడు అని ఆమె అనుకోదూ? అదీగాక మానవలసిన అవసరం ఎవరిది, మచ్చ ఎవరిది? ఆమే అడగాలి. అడుగుతుంది. ఎదురుచూశాడు.

"ఊరేగింపుకి ఎల్లవేటి?" అంది అప్పాయమ్మ.

"ఎల్తాను."

"ఎల్లు మరి."

అంతే మాట్లాడుకున్నారు. బంగారయ్య వెళ్ళి ఎడమ కర్ర పట్టుకున్నాడు. ఆ ఏడు బ్యానరు అతనికి ఎందుకో బరువుగా తోచింది.

ఆ నెలాఖరునే రిటైర్మెంటు. దండ వేశారు, గొడుగు ఇచ్చారు, క్వార్టరు ఖాళీ చెయ్యమనడం మరిచిపోయారు, ముప్ఫై నాలుగేళ్ళ సేవ గురించి ఒక బాబు కంటతడి పెట్టుకున్నాడు. ఆయన బంగారయ్యను చూడడం అదే మొదటిసారి. తర్వాత తోటివాళ్ళు గోడౌను వెనక్కి తీసుకెళ్ళి గ్లాసు చేతికిచ్చారు. కాగితం లేదు కదా. ఒక్క గ్లాసు తాగాడు. ఇంటికొచ్చాక అప్పాయమ్మ అన్నం వడ్డించడానికి వంగింది, ఒక్క క్షణం ఆగింది, వడ్డించింది.

"కాయితం అయిపోనాదిలే" అంది, అతను అడక్కుండానే.

తిడుతుందనుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాతి ఆదివారం ఆమె తమ్ముడు పలాసనుంచి బండిలో వచ్చాడు, సంచిలో చుట్టల కట్టతో. ఆ సంచిని హౌరా స్టేషన్నుంచి ఇంటిదాకా నెత్తిన పెట్టుకు మోసింది బంగారయ్యే. ఆ సాయంత్రం గుమ్మంలో కూర్చుని ఆమె ముట్టించి నిప్పు నోట్లో పెట్టుకుంది. పదిహేనేళ్ళ తర్వాత నాలిక వెతుకుతున్న వస్తువు దొరికింది. బంగారయ్య చెప్పులేసుకుని బంగ్లా దుకాణానికి వెళ్ళాడు.

అక్కణ్ణుంచి జరిగినదానికి ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు, ఎవరిని అడిగినా అదే చెబుతారు. ఆమె రెండు చుట్టలు కాల్చింది కనుక అతను అరసీసా తాగాడు. అతను అరసీసా తాగాడు కనుక ఆమె నాలుగు కాల్చింది. రక్షణ అవసరం మాత్రం ఎవరికీ లేదు. అతను మ్యాన్‌హోలు దిగడంలేదు, ఆమె కూడా పని మానేసి పూడిక ఎత్తడంలేదు. వాసన పోయింది, ఆయుధాలు మిగిలాయి. మచ్చ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తినవాడు ముందు మానాలి.

2009 దుర్గాపూజల రోజుల్లో ఒకనాడు అప్పాయమ్మ మంచినీళ్ళు తాగుతుంటే నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. నవ్వి తుడుచుకుంది. రెండోసారి నవ్వలేదు. ఈసారి టార్చి వేసిన డాక్టరు పెద్దవాడు. అంగిలికి చిల్లు పడిందన్నాడు. ఆపరేషన్ చేసినా లాభం లేనంతగా పాకిందని, టికియాపారాలో రైల్వే పనివాడి పెళ్ళామై ఉన్న కూతురు సింహాచలమ్మను బయటికి పిలిచి చెప్పాడు. ఆమె తండ్రితో ఆ చివరి మాట చెప్పలేదు.

కాబట్టి బంగారయ్య ఒక ఆలోచన చేశాడు. కిందటిసారి కాగితం రాసుకున్నాకే కదా మచ్చ కదలకుండా పడుకుంది? మళ్ళీ రాయిస్తే మళ్ళీ పడుకుంటుంది. భానుమూర్తి విశాఖపట్నంలో ఉన్నాడని యూనియన్ ఆఫీసులో తెలిసింది. సింహాచలమ్మ ఫోను చేసింది. ఆయన, డెబ్బయ్యేళ్ళ మనిషి, రాత్రంతా రైల్లో కూర్చుని డిసెంబరు ఆరున, ఆదివారం ఉదయం, హౌరాలో దిగి నేరుగా ఆస్పత్రికి వచ్చాడు. చంకలో పత్రిక ఉంది. అలవాటు.

అప్పాయమ్మకు మాట రావడంలేదు. ముక్కుకు గొట్టం ఉంది. ఆయన్ని చూసి చెయ్యెత్తి దణ్ణం పెట్టింది.

ఏం మాట్లాడాలో తెలియక భానుమూర్తి పత్రికలో సంగతి చెప్పాడు. "ఆ పెద్ద ఒప్పందం గుర్తుందా బంగారయ్యా? మీకు ఆవేళ చెప్పానే. నిన్నటితో దాని గడువు తీరిపోయింది."

"మరి రెండోది రాసుకోలేదేటి?"

"ఇంకా మాట్లాడుకుంటున్నారు. ఈలోగా పాతదాన్ని మనసులో పెట్టుకుని నడుచుకుంటామని ఇద్దరూ అన్నారు. లెక్క చూసేవాళ్ళు మాత్రం పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయారట."

"మేవూ మనసులోనే పెట్టుకున్నాం బాబూ" అన్నాడు బంగారయ్య. "ఇద్దరం. మా గురవమ్మ ముందర పోనాది."

తువ్వాలు మూటలోంచి పాత కాగితం తీసి ఇచ్చాడు. దీన్ని చూసి ఇలాంటిదే ఇంకొకటి రాయమన్నాడు. మడతల దగ్గర చిరిగిన ఆ కాగితాన్ని భానుమూర్తి కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలెట్టాడు. బంగారయ్య వేళ్ళు ముడవసాగాడు. సారా, చుట్ట, ఇద్దరూ ఒకేసారి, గురవమ్మ, పదిహేనేళ్ళు. భానుమూర్తి ఆగాడు. కాగితం మడిచాడు.

"అంతే" అన్నాడు.

"అయిదే సదివినారు బాబూ. ఆరున్నాయి."

"ఆరోది ఏమీ లేదండీ. మామూలు మాట."

"అదే సదవండి."

భానుమూర్తి అప్పాయమ్మ వైపు చూశాడు. ఆమె కూడా ఆయన్నే చూస్తోంది. ఆయన కాగితం విప్పాడు. చదివాడు.

"గడువు తీరిన తరువాత, ఇరువురిలో ఎవరూ వద్దని నోటితో చెప్పనంతవరకు, ఈ ఒప్పందము యథాప్రకారము సాగును."

వార్డులో ఎవరో బెంగాలీలో నీళ్ళడుగుతున్నారు. ముడిచిన ఆరో వేలిని బంగారయ్య విప్పలేదు.

"అంటే అయిపోలేదా బాబూ?"

"లేదు."

"అప్పుడూ ఉన్నాదా? నాను గెడ్డం గీసుకు కూకున్న రోజున?"

"ఉంది."

"ఇప్పుడూ?"

భానుమూర్తి కళ్ళజోడు తీసి తుడవడం మొదలెట్టాడు.

అప్పాయమ్మ బంగారయ్య మోచెయ్యి పట్టుకుని లాగింది. దగ్గరికి వంగాడు. ఆమె నోరు తెరిచింది. ఏదో చెప్పబోతోందనుకున్నాడు. చెప్పడంలేదు. తెరిచి, ఊరికే ఉంచింది, ఆదివారం ఉదయం మంచం మీద గురవమ్మ ఎదుట కూర్చున్నట్టు. అప్పుడు అర్థమైంది. ముప్ఫై నాలుగేళ్ళు నగరం కంతల్లోకి తల పెట్టి చూసినవాడు ఆ చిన్న కంతలోకి చూడలేకపోయాడు. అయినా చూశాడు. రెండు నెలలుగా ఆమె చుట్ట ముట్టలేదు. ముక్కు దగ్గరికి తెచ్చి వాసన చూశాడు. మందుల వాసన, కుళ్ళిన వాసన. పొగాకు లేదు.

"సుబ్బరంగా ఉన్నాది" అన్నాడు.

ఆమె నోరు మూసి, అతని నోటివైపు వేలు చూపించింది. ఇప్పుడు నీ వంతు.

ఆ ఉదయం ఆస్పత్రి మెట్లెక్కే ముందు, మెట్లెక్కే ధైర్యం కోసం, బంగారయ్య ఒక్క గుక్క వేసి వచ్చాడు. నోరు తెరవలేదు. ఆమె వేలు దింపలేదు. తెరిచాడు. ఆమె ముక్కులో ఉన్నది గొట్టం, వాసన ఎంత తెలిసిందో తెలియదు. చాలాసేపు అతన్ని చూసింది. తర్వాత చూపుడువేలు నాలికకు అద్ది, సున్నం లేదు కదా, ఉత్త తడి వేలితోనే మంచం ఇనప కమ్మీ మీద ఎడమ పక్క ఒక చుక్క పెట్టింది. అది తెల్లదో నల్లదో చెప్పే మార్గం లేదు. ఆరిపోయింది.

పదకొండో రోజున అప్పాయమ్మ పోయింది.

మరుసటి ఆగస్టు ఆరుకు భానుమూర్తి మళ్ళీ కలకత్తా వచ్చాడు. ఊరేగింపులో బ్యానరు ఎడమ కర్ర బంగారయ్యదే. అయిపోయాక ఇద్దరూ క్వార్టర్లకు నడిచారు. పెద్ద దేశాలవాళ్ళు ఏప్రిల్లో కొత్త కాగితం మీద సంతకాలు పెట్టారని, గడువు పదేళ్ళని భానుమూర్తి చెప్పాడు.

"మళ్ళీ గడువు పెట్టినారా?" అన్నాడు బంగారయ్య. "అందులో ఆరోది ఉన్నాదో లేదో, ఉంటే ఎవరిసేతైనా గట్టిగా సదివించుకోమనండి బాబూ. అడగడానికి సిగ్గుపడొద్దనండి."

గుమ్మం దగ్గర భానుమూర్తి ఆగిపోయాడు. కుడి పక్క సున్నపు చుక్కలు ఎప్పుడో ఆగిపోయి మాసిపోయాయి. ఎడమ పక్క, పాత చుక్కల కింద, తాజా చుక్కలు మొదలై వరసగా మోకాలి ఎత్తు దాకా దిగాయి. మొదటిది బొగ్గు చుక్క. దాని తర్వాత అన్నీ తెల్లవే. ప్రతి ఆదివారం బంగారయ్య గెడ్డం గీసుకుని పక్కింటికి వెళ్ళి నోరు తెరిచి నిలబడతాడట. గురవమ్మ కోడలు రామమ్మ, మొహం పక్కకు తిప్పుకుని, కళ్ళొత్తుకుని, వాసన చూసి చుక్క పెడుతుందట.

"బంగారయ్యా," అన్నాడు భానుమూర్తి మెల్లిగా, "ఒప్పందానికి రెండో మనిషి లేదు కదండీ. ఇంకా ఎవరితో ఇది?"

బంగారయ్య తాళం తీస్తున్నవాడు ఆగాడు.

"అది వద్దని సెప్పలేదు కదా బాబూ" అన్నాడు.